మన యిండ్లమీది యాకాశము



నాది తొర్రూరు. ఓరుగల్లునుండి ఖమ్మము పోవు బాటపై వర్ధన్నపేట, రాయపర్తి దాటిన పిమ్మట మా యూరు వచ్చును. పాలకుర్తినుండి వచ్చు త్రోవయు, మహబూబాబాదు పోవు త్రోవయు నచ్చటనే కలియును. 2018లో పంచాయతి పోయి పురపాలక సంఘ మేర్పడినది గాని, మా వాడలో నిండ్ల తీరు మాత్ర మింకను పల్లెతీరే. ముందు వాకిలి, వెనుక పెరడు, పెరటిలో తడకలు కట్టిన స్నానపుచోటు, నాలుగు కోళ్లు, ఒక వేపచెట్టు. వేసవి వచ్చెనా, సగము వాడ మిద్దెలమీదనే నిద్రించును. ఇదంతయు నేల చెప్పుచున్నాడని మీరనుకొనవచ్చును. నేడు నేను మాటాడదలచిన విషయమున కీ పెరడును, ఈ తడకలును, ఈ కోళ్లును కూడ కావలసియున్నవి.

విషయము డ్రోనులు. మనిషి యెక్కకుండ, దూరమునుండి నడుపబడు చిన్న విమానములకా పేరు. వీనిచే సామానుల బంగీలను ఇంటింటికి చేరవేయు వ్యాపారము కొన్ని దేశములలో సాగుచున్నది. మన దేశమునను గురుగ్రామ్ వంటి పట్టణములలో మొదలైనది. అది మా తొర్రూరికింకను రాలేదు. రాకమునుపే మాటాడుట మంచిదని నా తలంపు. వచ్చిన తరువాత మాటాడువాని మాట గొణుగుడుక్రింద జమ యగును.

నన్నీ యాలోచనలో పడవేసినది బంగీల డ్రోను కాదు, పెండ్లి డ్రోను. నిరుటి వేసవిలో మా వెనుకవీథిలో నొక పెండ్లి జరిగెను. ఊరేగింపును పైనుండి చిత్రము పట్టుటకు ఫొటోలవా డొక డ్రోనును ఎగురవేసెను. ఆ సమయమున మా ప్రక్కింటి యవ్వగారి కోడలు పెరటిలో స్నానము చేయుచుండెను. ఆ చోటునకు నాలుగు ప్రక్కల తడకలు కలవు. పైన కప్పు లేదు. మా తాతలనాటినుండి ఎవరును పైకప్పు వేయలేదు, ఏలయన పైనుండి చూచువాడు సూర్యుడొక్కడే. ఆమెకు తుమ్మెదల గుంపువంటి రొద వినవచ్చెను. తలయెత్తి చూడగా నడినెత్తిపై అది కదలక నిలిచియుండెను. తడిచీర చుట్టుకొని, ఆ రొద దూరమగువరకు ఆమె గోడమూల కూర్చుండిపోయినది.

ఆ కుఱ్ఱవాని నేను పిలిపించితిని. వాడు చెడ్డవాడు కాడు. తాను పట్టిన చిత్రమంతయు నాకు చూపెను. అందులో బాజాలు, గుఱ్ఱము, పెండ్లికొడుకు తలపాగ తప్ప మఱేమియు లేవు. నేను నమ్మితిని. ఆ కోడలు నమ్మలేదు, నమ్మవలసిన పనియు లేదు. వారముదినము లామె తెల్లవారకముందే స్నానము ముగించెను. తరువాత అవ్వగారు రెండువేల యెనిమిదివందలు పెట్టి దానిపై రేకులు వేయించిరి. రేకులు బిగించునాడు ఆమె నన్నడిగిన మాట యిది:

"సారూ, మా ఇంటి మీదికెల్లి పోవుటానికి ఎవర్ని అడిగిన్రు?"

నే నప్పుడు నవ్వి యూరకుంటిని. ఆ ప్రశ్న తేలికయైనది కాదని తరువాత తెలిసినది.

డ్రోనునందు నాకు ద్వేషము లేదు. ముందుగా ఆ మాట చెప్పివేయుట న్యాయము. 2024 సెప్టెంబరు మొదటిదినములలో మా సీమలో కురిసిన వాన మీకు జ్ఞాపకముండును. ఆకేరు పొంగి మరిపెడ ప్రాంతమున రాకపోకలు నిలిచినవి. కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. మా చెల్లె లా వాగు కావలనున్న పల్లెలో కాపురమున్నది. ఆమెకు చక్కెరవ్యాధి, ఇన్సులిను సూది లేక గడవదు. మందు నిండుకొన్నదని ఫోనులో చెప్పినది మొదలు రెండుదినములు నేను ఫోను ప్రక్కనే కూర్చుంటిని. ఆనాడెవడైనను డ్రోనుచే ఆ సీసా పంపెదనని యున్నచో, అది మా మిద్దెమీదుగా కాదు, మా దేవుని గదిలోనుండి పోయినను నేను వలదనకయుందును.

ఆ దినములలోనే విజయవాడలో బుడమేరు పొంగి సింగునగరు వంటి పేటలు మునిగిపోగా, పడవలు చేరలేని యిండ్లపైకి డ్రోనులు అన్నపు పొట్లములను, నీళ్ల సీసాలను, మందులను చేరవేసినవి. మిద్దెలపై నిలిచిన జనులు చేతులు చాచి వానిని పిలిచిరి. అంతకు మూడేండ్లు ముందే, 2021 సెప్టెంబరు 11న, మన రాష్ట్రములోని వికారాబాదులో ఆకాశమార్గమున మందులను, టీకాలను పంపు ప్రయోగ మారంభమైనది. 2024 అక్టోబరులో బీబీనగరు, మంగళగిరి ఎయిమ్స్ ఆసుపత్రులలో డ్రోను సేవలు ప్రారంభింపబడినవి. ఆఫ్రికాలోని ర్వాండా దేశమున 2016 మొదలు రక్తపు సంచులు కొండలమీదుగా ఆసుపత్రుల కీ విధముననే చేరుచున్నవి. ఇవి గొప్ప పనులు. వీనిని కాదనువాడు వాగొడ్డున నిలిచి ఎదురుచూచినవాడు కాడు.

కాని సబ్బుబిళ్ల వేఱు, ఇన్సులిను వేఱు. ప్రాణము కొఱకు వచ్చు రొదను ఊరంతయు ఓర్చును. ఎదురింటివారి కొక పొట్లము అరగంట ముందుగా చేరుటకై ఊరంతయు ఓర్చవలసినదేనా? ఇచ్చట లాభము కొన్నవానిది, అమ్మినవానిది. రొదయు, భయమును, నెత్తిపైని కన్నును నడుమనున్న యిండ్లవి. ఆ యిండ్లవా రేమియు కొనలేదు. ఏ కాగితముపైనను చేవ్రాలు చేయలేదు.

ఇది నా యూహ మాత్రమే కాదు. ఆస్ట్రేలియా రాజధాని కాన్బెర్రాలో బోనిథన్ అను పేట కలదు. 2018లో నచ్చట నొక సంస్థ డ్రోనులతో కాఫీ, తినుబండారములు, మందులు చేరవేయు ప్రయోగము చేసెను. కొందఱు ముచ్చటపడిరి. కాని ఆ సన్నని కీచురొదకు తాళలేక, తోటలో కూర్చుండుట మానుకొంటిమనియు, కుక్కలు బెదరుచున్నవనియు పేటవారు సంఘముగా నేర్పడి మొఱపెట్టిరి. చివరకు వారి శాసనసభ విచారణ జరుపవలసి వచ్చినది. సంస్థవా రును రొద తగ్గించిన యంత్రములను చేయవలసి వచ్చినది. 2021లో నా నగరమందే మఱియొక పేటలో నొక కాకి, గూడుకట్టు కాలమున, డ్రోనుపై విరుచుకొనిపడగా పని కొంతకాల మాపివేసిరి. మనుష్యుల మొఱకంటె కాకిమొఱ వేగముగా నాలకింపబడెనని నాకు తోచినది! 2022లో నా దేశముననే లోగన్ అనుచోట నొక డ్రోను విద్యుత్తు తీగలపై పడి, రమారమి రెండువేల యిండ్లకు దీపము లాఱిపోయినవి.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున కాలేజి స్టేషను అను పట్టణముది మఱియొక కథ. అచ్చట 2022 చివర అమెజాను సంస్థ డ్రోనుల పంపకము మొదలుపెట్టెను. దినమునకు 200 ప్రయాణములను 469కి పెంచెదమని 2024లో వా రనుజ్ఞ కోరగా, పురాధ్యక్షుడు, ప్రజల రొదబాధను విన్నవించుచు, ఆ పెంపు వలదని విమానశాఖకు లేఖ వ్రాసెను. 2025లో నా సంస్థ ఆ యూరిని విడిచిపోయినది. ఒక్క డ్రోను వింత. ఇన్నూరు డ్రోనులు బాధ. పెండ్లినాడొకమాఱు వచ్చిన దానికే మా ప్రక్కింటివారు రేకులు వేయించిరి గదా.

ఇక కోళ్ల మాట. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, అమెరికాలోని ఉత్తర కరొలినాలో కాస్బీ యను రైతు కోళ్లను పెంచుకొని బ్రదుకుచుండెను. ప్రక్కనున్న విమానాశ్రయమునకు యుద్ధవిమానములు దిగుచు, ఆతని నేలకు 83 అడుగుల యెత్తున పోవుచుండెను. బెదరిన కోళ్లు గోడలకు కొట్టుకొని 150 వఱకు చచ్చినవి. ఆతని వ్యాపారము మునిగెను. ఆకాశ మందఱిదని ప్రభుత్వమువారు వాదించిరి. 1946లో నా దేశపు సుప్రీముకోర్టు చెప్పిన తీర్పేమన, ఎత్తైన యాకాశము రాజబాటయే, సందేహము లేదు. కాని యింటికిని చేనికిని ఆనుకొనియున్న దిగువ యాకాశము లేనిదే యజమానుడు తన నేల ననుభవింపజాలడు గనుక, అంతవఱకు నది యాతనిదే. మా యవ్వగారి ప్రశ్నకు ఇంత దగ్గఱగా వచ్చిన సమాధానము నాకు మఱియొకచోట కనబడలేదు.

మన దేశమున 1934 నాటి విమాన శాసనము వేఱొక త్రోవ పట్టెను. గాలిని, వాతావరణమును బట్టి తగిన యెత్తున విమానము పోయినచో, నా నేలమీదుగా పోయినదని యెవడును దావా వేయరాదని అందు విధింపబడెను. ఆ శాసనమునకు బదులు 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన అధినియమము అమలులోనికి వచ్చినది. తగిన యెత్తనగా నెంత? మబ్బులలో పోవు విమానమునకది తేలిక ప్రశ్న. ఎదురింటి వాకిట త్రాడుతో పొట్లము దింపుటకై మా వేపచెట్టు కొమ్మలదాక దిగు యంత్రమునకు తేలిక కాదు.

2021 ఆగస్టున వెలువడిన డ్రోను నియమములు కలవు. బరువునుబట్టి యైదు తెగలు, పటముపై ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు మండలములు. ఆకుపచ్చ మండలమున 400 అడుగుల వఱకు ముందనుమతి లేకయే యెగురవచ్చును. తప్పునకు లక్షరూపాయల వఱకు జరిమానా. నే నా నియమములను చదివితిని. క్రింది యింటివారి నడుగవలెనను మాట నాకు వానిలో కనబడలేదు. ఆంతరంగికత ప్రతి పౌరునికి మూలహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగా చెప్పిరి. ఆడుదానిని చాటుగా చూచి చిత్రము పట్టువానికి శిక్ష కలదు. కాని బంగీల డ్రోను దేనినిగూడ కావలెనని చూడదు. దిగుచోటు వెదకుకొనుటకై అన్నిటిని చూచును. చూచినదానిని ఎచ్చట దాచును, ఎన్నినాళ్లు దాచును, ఎవరికి చూపును? ఇది పెరటిలోని స్త్రీకి తెలియవలసిన సంగతి, తెలియజెప్పవలసినవాడు వ్యాపారి.

మా యూరికి ప్రత్యేకమైన చిక్కులును కలవు. వీథినిండ తీగలు, సంక్రాంతికి గాలిపటములు. అన్నిటికి మించి కోతులు. మిద్దెపై ఎండబెట్టిన మిరపకాయలనే విడువని మా కోతులు, ఆకాశమునుండి త్రాటితో దిగు పొట్లమును మర్యాదగా యజమానునికి విడుచునని నేననుకొనను. ఇక నేడు మాకు బంగీలు తెచ్చు పిల్లలు మోటారుసైకిళ్లపై వచ్చువారు, ఇరుగుపొరుగు పల్లెలవారు. తలుపు తాళమైనచో ప్రక్కింట నిచ్చి, "అవ్వా, జెర చెప్పున్రి" అని పోవుదురు. ఆ పిల్లలలో నొకడు నా శిష్యుడే. లెక్కలలో మందుడు గాని, ఊరిలో నే యిల్లెవరిదో వానికి తప్పు పోదు.

ఇన్నియు నాలోచించి నే నొక కాగితము వ్రాసితిని. మందులకు, రక్తమునకు, వరదసహాయమునకు ఏ వేళనైనను ఏ యింటిమీదుగనైనను త్రోవ విడువవలెను. వ్యాపారపు డ్రోనులు ఇండ్లమీదుగా కాక పెద్దబాటవెంట పోవలెను. ఇంటింటికి దిగక, బడి మైదానమో బస్టాండుప్రక్క ఖాళీస్థలమో ఒకచోట దిగినచో, ఎవరి పొట్లము వారు పోయి తెచ్చుకొందురు. నడచుట మా యూరివారికి క్రొత్త కాదు. తెల్లవారుజామునను, చీకటిపడిన పిదపను ఎగురరాదు. యంత్రముపై పెద్ద యక్షరములతో సంఖ్య యుండవలెను. ఆ సంఖ్య చెప్పి మొఱపెట్టుకొనుటకు తెలుగు మాటాడు మనిషి యొకడు ఫోనులో దొరకవలెను. ఇవన్నియు నొకయెత్తు. ఆరంభించుటకు మునుపు వాడవాడ సభ చేసి, ముఖ్యముగా స్త్రీలను పిలిచి అడుగుట యొకయెత్తు. ఈ కడపటిదానిని నేను మూడుమాఱులు కొట్టివేసి మరల వ్రాసితిని, అధికారులు నవ్వుదురేమోయని.

మీరు నా మాట వినుచున్న యీ రేడియోకూడ మీ యాకాశముగుండ మిమ్ముల నడుగకయే వచ్చుచున్నది గదాయని యెవరైన ననవచ్చును. నిజమే. కాని నా మాట రుచింపనిచో మీచేత బిరడా యున్నది, త్రిప్పివేయవచ్చును.

కాగితమును అవ్వగారికి చదివి వినిపించితిని. ఆమె యంతయు విని, "నా ఏలుముద్ర గూడ ఎయ్యాల్నా సారూ?" అని యడిగెను. వేయుమంటిని. ఆమె తరువాత కోడలు వచ్చి, వ్రేలిముద్ర కాదని, కలము తీసికొని తన పేరు పూర్తిగా వ్రాసెను. ఇప్పటికి మా వీథిలో ముప్పదియొక్క చేవ్రాళ్లయినవి. సోమవారమునాడు దానిని పురపాలక కార్యాలయమునకు తీసికొనిపోవుచున్నాను.