కంచెకు నాలుగు రోజులు, హద్దుకు ఎన్నాళ్లు?

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంటి స్థలానికి కంచె వేయించాలంటే ఎన్నాళ్లు పడుతుందండీ?" అని మన సభ్యులు తరచు అడుగుతుంటారు. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. గ్రాట్యుటీ డబ్బుతో మనలో చాలామంది కొనగలిగింది ఒక్క స్థలమే. అందుచేత ఇది చిన్న విషయమేమీ కాదు.

ముందు పని లెక్క చెబుతాను. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల 200 గజాల స్థలం తీసుకోండి. చుట్టుకొలత 180 అడుగులు. గేటుకు 10 అడుగులు పోను 170 మిగులుతుంది. ఎనిమిదేసి అడుగులకు మించకుండా పాతితే సుమారు 24 రాతి స్తంభాలు కావాలి. ఏడడుగుల స్తంభం రెండడుగులు భూమిలోకి పోవాలి. ముళ్లతీగ అయిదు వరుసలైతే 850 అడుగులు.

తుప్పలు కొట్టి తాడు పట్టడానికి ఒక రోజు, గోతులకు ఒక రోజు, స్తంభాలు నిలబెట్టి కాంక్రీటు వేయడానికి ఒక రోజు. ఆ తరువాత వారం రోజులు తడుపుతూ ఆగాలి. మేస్త్రి తొందరపడి మర్నాడే తీగ లాగితే మూల స్తంభాలు లోపలికి వాలిపోతాయి. మూలలకు దన్ను రాళ్లు తప్పనిసరి. చివరికి తీగ బిగించడానికి ఒక రోజు. అంటే పని నాలుగు రోజులు, క్యాలెండరులో పది పన్నెండు రోజులు. మొరం నేలలో గునపం దిగకపోయినా, నల్లరేగడిలో వానకు గోతులు నిండినా మరో రెండు రోజులు కలుపుకోండి.

ఇక అసలు ఆలస్యం తాడు ఎక్కడ పట్టాలన్న దగ్గర వస్తుంది. దస్తావేజులోని కొలతలు, లేఅవుటు నక్షా, నేల మీది కొలతలు మూడూ ఒక్కటిగా ఉండాలి. తేడా వస్తే కొలత కోసం సర్వేయరుకు దరఖాస్తు పెట్టాలి. ఇరుగుపొరుగులకు నోటీసులు వెళ్లాలి, వారు హాజరు కావాలి. దీనికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. విసుగు పుట్టి "తరువాత చూద్దాంలే" అని పని మొదలుపెట్టేవారున్నారు.

నాతో పనిచేసిన ఒక మిత్రుడి స్థలంలోకి పక్కవారి కంచె రెండడుగులు జరిగింది. 60 అడుగుల పొడవున రెండడుగులంటే 13 గజాల పైమాటే. "ఇరుగుపొరుగు వాళ్లం, మొహం చెడుతుంది" అని ఆయన ఊరుకున్నాడు. ఆయన పోయాక కొడుకులు దావా వేశారు. ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నారు. ఆ రెండిళ్ల మధ్య మాటలు లేవు.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1963 నాటి కాలపరిమితి చట్టం 65వ అధికరణం ప్రకారం, మన స్థలాన్ని ఇతరులు మన హక్కును కాదని బాహాటంగా అనుభవిస్తున్నప్పుడు, అది మొదలైన నాటినుంచి 12 ఏళ్లలోగా దావా వేయాలి. గడువు దాటితే హక్కు చేయిజారవచ్చు. పిల్లలు దూరదేశంలో ఉంటే 12 ఏళ్లు ఇట్టే గడిచిపోతాయి.

కనుక మిత్రులారా, ముందు హద్దు, తరువాత కంచె. కొలత నాడు పక్కవారిని పిలిచి కాఫీ ఇవ్వండి. కొలతల కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోండి. మూల రాళ్లు పాతేటప్పుడు ఫోటోలు తీయించండి. ఏడాదికొకసారి ఈసీ తీయించి చూసుకోండి. పిల్లలు ఊళ్లో ఉంటే వెంటబెట్టుకెళ్లి నాలుగు మూలలూ చూపించండి. లేకుంటే ఆ ఫోటోలే పంపండి.

మనకు ఒంట్లో ఓపిక ఉండగానే ఈ పని ముగించుకుందాం.