ఇంటి వస్తువులకూ ఓ చిట్టా

టీవీ, గేటు కెమెరా, గీజరు ప్లగ్గు... అన్నీ ఇప్పుడు ఫోను మాట వింటున్నాయి. మరి మీ ఇంటి వైఫైని ఎన్ని వస్తువులు వాడుకుంటున్నాయో ఎప్పుడైనా లెక్కేశారా?

రూటరు యాప్ తెరవండి. కనెక్టయిన వాటి పట్టీ కనిపిస్తుంది. కొన్నిటికి పేరుండదు, అంకెలు, అక్షరాలు కలిసిన 12 గుర్తుల మ్యాక్ అడ్రసు మాత్రమే ఉంటుంది. వస్తువు వెనక స్టిక్కరు మీద చాలాసార్లు అదే అచ్చయి ఉంటుంది. రెండూ సరిచూసి 'హాలు టీవీ', 'గేటు కెమెరా' అని పేర్లు పెట్టుకోండి. ఈ అడ్రసును ఫోన్లు మార్చి చూపిస్తుంటాయి, కంగారు పడకండి. ఎంత వెతికినా ఆనవాలు చిక్కనిది ఉంటే వైఫై పాస్‌వర్డు మార్చేయండి.

పాల లెక్క రాసే పుస్తకంలోనే ఓ పేజీ వీటికి కేటాయించండి. మోడల్ నంబరు, కొన్న తేదీ, వారంటీ గడువు, ఏ ఫోన్ నంబరుతో ఖాతా తెరిచారో రాసుకోండి.

చిట్టాతో పాటు పాస్‌వర్డుల సంగతీ చూడాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాల్లో, రూటర్లలో దూరింది. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడమే దానికి దారి చూపింది. మీ వస్తువుల పాస్‌వర్డులు ఈ రోజే మార్చేయండి.

పాత వస్తువు అమ్మేముందు రీసెట్ చేసి, యాప్‌లోంచి తీసేయండి. లేదంటే వస్తువుతో పాటు మన గుట్టూ చేయి మారుతుంది.