పరుగునకును అనధ్యాయము కావలెను



గడచిన మాఘమాసములో ఒక కుర్రవాడు కుంటుచు మా ఇంటికి వచ్చినాడు. పోలీసు ఉద్యోగమునకు 1600 మీటర్ల పరుగు పరీక్ష ఉన్నదట. అందులకై ప్రతిదినమును శక్తినంతటిని ఒడ్డి పరుగెత్తుచున్నాడు. మోకాలి క్రింద ముందరి ఎముక నొప్పి. "ఒక్కరోజు మానినా వెనకబడిపోతానని భయమండీ తాతగారూ" అన్నాడు.

ఆ భయము నేనెరుగుదును. పాఠశాలలో మాకు పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య అనధ్యాయములు. నాకు పండ్రెండేండ్లప్పుడు, తోటివాడు రెండు పన్నములు ముందున్నాడని, ఆ తిథులలో గోశాల వెనుక చాటుగా వల్లె వేసితిని. గొంతు రాచుకొనిపోయి పదిదినములు మాట పెగలలేదు. వాడు మరింత ముందునకు పోయినాడు!

తిథులు ముందుగా తెలిసిన విరామములు. ఇవిగాక అకాలమున ఉరిమినను, ఇంటికి శిష్టులు వచ్చినను పాఠము ఆపుమన్నారు. నియమములోనే సడలింపునకు చోటుంచినారన్నమాట. పరుగెత్తువానికి నిద్రలేని రాత్రి, జ్వరము, ముదిరిన ఎండ ఆ ఉరుమువంటివే. ఆనాటి కఠినసాధనను మరియొకనాటికి జరుపుకొనవలెను. రెండింటిని కలిపి ఒకేనాడు చేయరాదు.

బలవంతుడును, స్నిగ్ధాహారము తినువాడును సైతము శీతకాల వసంతములలో అర్ధశక్తితోనే వ్యాయామము చేయవలెననియు, తక్కిన కాలములలో ఇంకను తగ్గింపవలెననియు వాగ్భటుడు చెప్పినాడు. మితిమీరినవానిని ఏనుగును ఈడ్చబోయిన సింహముతో పోల్చినాడు. కుర్రవాడు ఊరకుండలేదు. "సగం బలంతో పరుగెడితే ఉద్యోగం ఎవరిస్తారండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నయే. పందెమునకు అర్ధశక్తి చాలదు. అప్పుడప్పుడు పూర్ణశక్తి వినియోగింపక తప్పదు. అందుచేతనే వానికి విశ్రాంతి మనకంటె ఎక్కువ కావలెను. గట్టి పరుగున కండ సూక్ష్మముగా దెబ్బతినును. అది బాగుపడి బలపడునది విశ్రాంతిలోనే. ఎముక కండకంటె మెల్లగా అలవాటుపడును. ఊపిరి సిద్ధమైనను ఎముక సిద్ధము కాకపోవచ్చును.

వానికి రోజర్ బానిస్టరు కథ చెప్పితిని. ఆయన ఇంగ్లండులో వైద్యవిద్యార్థి. మైలు దూరమును 4 నిమిషములలోపల పరుగెత్తవలెనని పట్టుబట్టినవాడు. మైలనగా 1609 మీటర్లు, రమారమి వీని పరీక్షయే. 1954లో 440 గజములను పదిమార్లు, నడుమ కొద్ది విరామముతో, ఒక్కొక్కటి 60 సెకన్లలో ముగింప యత్నించి 61 వద్ద నిలిచిపోయినాడు. అప్పుడు పరుగు కట్టిపెట్టి మిత్రునితో స్కాట్లండు కొండలెక్కుటకు పోయినాడు. తిరిగివచ్చి పరుగెత్తగా 59 వచ్చినది. మే 6న ఆక్స్‌ఫర్డులో 3 నిమిషముల 59.4 సెకన్లలో మైలు ముగించినాడు. కొండలెక్కుట విశ్రాంతియా అందురేమో. కాళ్ళకు కాకపోవచ్చును, గడియారమును చూచి చూచి అలసిన మనస్సునకు విశ్రాంతియే.

ముందు ఎముకల వైద్యునికి చూపుమంటిని. ఆయన కొన్ని వారములు పరుగు మాన్పించినాడు. పిమ్మట వారమునకు రెండుదినములే గట్టి సాధన, అదియును వెంటవెంటనే కాదు. తక్కిన దినములలో మాటలాడుచు పరుగెత్తగలిగినంత మెల్లగా, ఒకనాడు పూర్తిగా సెలవు.

పరీక్ష ఇంకను జరుగలేదు. నిన్న అష్టమి, చెరువుగట్టున చేతులూపుకొనుచు నడచిపోవుచు కనబడినాడు.