ఆదివారం ఆరింటి ఆట

ఈ వేళ మీతో ముచ్చటించబోయేది పచ్చళ్ల గురించీ కాదు, పిల్లల చదువుల గురించీ కాదు. ఆట గురించి. పిల్లల ఆట కాదండీ, మన ఆట. నలభై దాటిన గృహిణులం ఏడుగురం, కిందటి దసరా వెళ్లిన ఆదివారం నుంచి ఉగాది ముందు వారం దాకా, ఇక్కడ హనుమకొండలో మా కాలనీ పక్కనున్న బడి మైదానంలో వారానికొక పొద్దు బాల్ బ్యాడ్మింటన్ ఆడుకున్నాం.

ఈ కాలం పిల్లలకు బ్యాడ్మింటన్ అంటే సింధు ఆడే షటిలే. మన ఈడు వాళ్లకు మాత్రం హైస్కూల్లో రెండు గుంజలు పాతి కట్టిన వల, పసుపుపచ్చ ఉన్ని బంతి గుర్తుండే ఉంటాయి. తంజావూరు రాజకుటుంబం వారు 1856 నాటికే ఈ ఆట ఆడేవారని చెబుతారు. అక్కడి నుంచి దక్షిణాది అంతా పాకింది. పల్లెటూళ్లలో ఇంతగా ఎందుకు నిలిచిందో మాకు మొదటి ఆదివారమే తెలిసిపోయింది. ఒకామె కూతురి షటిల్ పట్టుకొచ్చింది. మేమొకవైపు కొడితే గాలి దాన్ని ఇంకొకవైపు తీసుకుపోయింది! ఈకల షటిల్‌కు నాలుగు గోడల హాలు కావాలి. ఉన్ని బంతి 27 నుంచి 30 గ్రాములు తూగుతుంది, చిన్న గాలికి చలించదు. దానికి మట్టి నేల చాలు. బీదవాళ్ల ఆట అని చిన్నచూపు చూసేవారున్నారు గానీ, నాకైతే అదే దాని గొప్పతనమనిపిస్తుంది.

అదీగాక మన ఊరికి ఈ ఆటతో చుట్టరికం ఉంది. కృష్ణా జిల్లాలో పుట్టి వరంగల్‌లో స్థిరపడ్డ జమ్మలమడక పిచ్చయ్యగారు 1970లో అర్జున పురస్కారం అందుకున్నారు. బాల్ బ్యాడ్మింటన్‌లో ఆ గౌరవం పొందిన మొదటి మనిషి ఆయనే. నూరేళ్లు దాటి బతికి, 2021 డిసెంబరులో వరంగల్‌లోనే కన్నుమూశారు. జాతీయ పోటీలు మొదలైందీ మన హైదరాబాద్‌లోనే, 1956లో. ఈ సంగతులు మా అబ్బాయికి చెబితే, "అయితే ఇప్పుడు నీకు కూడా అర్జున ఇస్తారా అమ్మా?" అన్నాడు. ఇవ్వరు. సరేలెండి.

ఇదంతా సద్దుల బతుకమ్మ రాత్రి పుట్టిన ఆలోచన. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మలను సాగనంపి, ఖాళీ తాంబాళాలతో తిరిగి వస్తుంటే మాలో ఒకామె, "తొమ్మిది దినాలు ఆడినం, పాడినం. రేపటి సంది మళ్ల వంటింట్లనేనా?" అంది. ఎవరం జవాబు చెప్పలేదు. మరునాడు ఇద్దరు అటకల మీది పాత బ్యాట్లు దించారు. ఒకదానికి తీగలు తెగిపోతే వేయించుకొచ్చాం. మిగతావి చందాలు వేసుకొని కొన్నాం. బడివారు ఆదివారం పొద్దున ఎనిమిది దాకా అయితే అభ్యంతరం లేదన్నారు. కోర్టుకు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉండాలి. సున్నం కోసం ఎవరినీ అడగలేదు, ముగ్గు పిండితో గీశాం. రోజూ వాకిట్లో చుక్కలు కలిపే చేతులు కదా, గీత ఎక్కడా వంకర పోలేదు.

అసలు తంటా ఇళ్లలో చెప్పడం దగ్గర వచ్చింది. "డాక్టరు వ్యాయామం చేయమన్నాడు" అని ఒకామె, "మోకాళ్లు పట్టేస్తున్నయి" అని ఇంకొకామె చెప్పుకొచ్చారు. ఇది నాకు నచ్చలేదు, వాళ్లతోనూ అన్నాను. మగవాళ్లు ఆదివారం క్రికెట్‌కో పేకాటకో వెళితే మందుల చీటీ చూపించి వెళుతున్నారా? ఆడుకోవాలని ఉందని చెబితే ఇంట్లో కాసేపు నవ్వుతారు, అంతే. మా ఇంట్లోనూ నవ్వారు. ఇడ్లీ పిండి శనివారం రాత్రే రుబ్బిపెట్టి, పొయ్యి మీద కుక్కర్ ఎలా పెట్టాలో మావారికి చూపించాను. రెండో వారానికి ఆయనకే అలవాటయింది.

నిబంధనల ప్రకారం జట్టుకు ఐదుగురు, లేదా ఇద్దరిద్దరు ఆడాలి. మేము శాస్త్రాన్ని పక్కకు పెట్టి ముగ్గురేసి ఆడాం. ఆట కూడా ఇప్పటి 35 పాయింట్లకు కాదు, మేము బడిలో నేర్చిన 29కే. ఇద్దరు పంజాబీ డ్రెస్సుకు మారారు, మిగతావాళ్లం కుచ్చిళ్లు ఎగదోపుకున్నాం. సంక్రాంతి రోజుల్లో మంచుకు ఉన్ని బంతి తడిసి, నీళ్లు తాగిన దూదిలా బరువెక్కేది. అందుకని ఆ నెలంతా ఆరింటికి బదులు ఏడింటికి మొదలుపెట్టాం.

మాలో ఒకామె బడిలో ఉండగా జోనల్ పోటీలకు వెళ్లిన మనిషి. ఇంకొకామె అంతకు ముందు బ్యాటు ముట్టి ఎరుగదు. ఎప్పుడూ ఒకే జట్టు గెలుస్తుంటే మిగతావాళ్లు ఎన్నాళ్లు వస్తారు? దీనికి ఉపాయం గోల్ఫ్ నుంచి దొరికింది. సికింద్రాబాద్‌లో గోల్ఫ్ ఆడే మా స్నేహితురాలి తమ్ముడు, తమ ఆటలో హ్యాండిక్యాప్ అని ఒక పద్ధతుందని చెప్పాడు. చేయి తిరగని ఆటగాడికి అతని స్థాయిని బట్టి కొన్ని దెబ్బలు లెక్కలోంచి తీసేస్తారట. అలా పెద్ద ఆటగాడూ కొత్తవాడూ పక్కపక్కన ఆడి, నిజంగానే పోటీ పడగలరు. మేమూ కొత్తగా ఆడేవారున్న జట్టుకు ముందే ఎనిమిది పాయింట్లు ఇచ్చాం. ఆ రోజు నుంచి ఆట రక్తి కట్టింది. జోనల్ ఆమె ఓడినప్పుడల్లా "ఎనిమిది ఇచ్చి ఓడిన" అని గర్వంగా చెప్పుకునేది!

మా ఏడో మనిషి వెనక వీధి అక్క. భర్త పోయి అప్పటికి ఏడాది మీద మూడు నెలలు. కొందరు ఆమెను పేరంటాలకు పిలవడం మానేశారు. బతుకమ్మ దగ్గర కూడా ఒక పక్కన నిలబడి చూసింది. "నేను లెక్క రాస్త" అని వచ్చి, పాల లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో పాయింట్లు వేసేది. నాలుగో ఆదివారం ఒకామె రాలేదు. మనిషి తక్కువైతే, "లెక్క తర్వాత రాసుకుందాం, రా అక్కా" అన్నాం. కొంగు నడుముకు చుట్టింది. మొదటి రెండు బంతులు వలలో పడ్డాయి. మూడోది జోనల్ ఆమె తల మీదుగా వెళ్లి గీత లోపల పడింది. అక్క గట్టిగా నవ్వింది. గుడికి పోతున్న ఇద్దరాడవాళ్లు ఆగి చూశారు.

సాయంత్రానికల్లా ఆ నవ్వు ఆమె అత్తగారి చెవిన పడింది. ఏడాది తిరిగిందో లేదో అప్పుడే ఆటలా అని. అక్క రెండు వారాలు రాలేదు. మేమిద్దరం వాళ్లింటికి వెళ్లాం. పోయింది ఆ ముసలమ్మకు కన్నకొడుకు. ఆమెతో వాదించడానికి మాకు నోరు రాలేదు. చాయ్ తాగి, చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, లేస్తుంటే ఆవిడే అంది: "ఎనిమిదింటికల్ల ఇంట్ల ఉండాలె." అది కోపమో ప్రేమో మాకు తెలియలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆట సగంలో ఉన్నా సరే, ఎనిమిదికి పది నిమిషాలు ఉందనగానే అక్కను పంపించేశాం.

ఎండలు ముదిరాయి, పిల్లల పదో తరగతి పరీక్షలొచ్చాయి, ఒకామెకు కరీంనగర్ బదిలీ అయింది. ఆట ఆపేశాం. వల మా అటక మీద ఉంది. బంతి ఉన్ని ఊడి బోడిదైపోయింది, కొత్తవి రెండు కొనాలి. నోటుపుస్తకం అక్క దగ్గరే ఉంది. మొన్న కూరగాయల బండి దగ్గర కలిసినప్పుడు, వంకాయలు ఏరుతూనే అంది: "వచ్చే దసరాకు నా జట్టుకు ఎనిమిది ఇయ్యకుండ్రి. నాలుగు చాలు."