ఆడిటర్ గారిని పిలిచారు సరే, సిస్టమ్ ముందున్న అమ్మాయిని పిలిచారా?

ఈ పూట నా మాటలు ఇద్దరి కోసం. ఒకరు ప్రభుత్వ వెబ్‌సైట్లు చేయించే అధికారులు, వాళ్లకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే కంపెనీల వాళ్లు. రెండోవాళ్లు ఆ వెబ్‌సైట్ల ముందు పొద్దస్తమానం కూర్చునే మా వాళ్లు. అంటే ట్యాక్స్ కన్సల్టెంట్లు, జీఎస్టీ ప్రాక్టీషనర్లు, ఆడిటర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు. ఈ రెండు పక్షాలూ ఒక గదిలో కలిసేది అరుదు. కలిసినా మధ్యలో ఒక వేదిక, ఒక మైకు, జ్యోతి ప్రజ్వలన అడ్డం వస్తాయి.

2021 జూన్ 7న ఆదాయపు పన్ను శాఖ కొత్త ఈ-ఫైలింగ్ పోర్టల్ తెరిచింది. తయారుచేసింది ఇన్ఫోసిస్. తెరిచిన రోజు నుంచే గొడవ మొదలైంది. రెండు వారాలు తిరిగేసరికి, జూన్ 22న, ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఆ కంపెనీ వాళ్లతో సమావేశం పెట్టారు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ ప్రతినిధులు, ఆడిటర్లు, కన్సల్టెంట్లు కూడా కూర్చున్నారు. మీ ఇబ్బందులు రాసి పంపండని ముందే అడిగితే 700కు పైగా ఈమెయిల్స్ వచ్చాయి. వాటిలో 2,000కు పైగా సమస్యలున్నాయి. ఒకే మాట పదిమంది రాసినవి పక్కన పెట్టి వడపోస్తే, విడివిడిగా తేలినవి 90.

నాకు ఆ రెండు వేల కంటే ఈ తొంభై అంకె మీదే మనసు నిలిచింది. తొంభై అంటే మనిషి కూర్చుని లెక్కపెట్టగలిగిన సంఖ్య. ఒక పెద్ద నోటుబుక్కులో పట్టే సంఖ్య. అవన్నీ ముందే దొరికేవని నేను అనను. సర్వర్ బరువు మోయలేక పడిపోవడం ఐదుగురిని కూర్చోబెడితే బయటపడేది కాదు, దానికి వేరే పరీక్ష ఉంది. కానీ మెనూలో దారి దొరక్కపోవడం, ఎర్ర అక్షరాల్లో వచ్చిన మాటకు అర్థం తెలియకపోవడం, వెనక్కి వెళితే నింపినదంతా చెరిగిపోవడం, ఇలాంటివి ఒక కుర్చీ వేసి, మనిషిని కూర్చోబెట్టి, వెనక నిలబడి చూస్తే మొదటి గంటలోనే తెలుస్తాయి. ఆ చూడటాన్నే ఆ రంగంలో యూజబిలిటీ టెస్టింగ్ అంటారు. నేను 'వాడించి చూడటం' అంటాను.

ఎంతమందిని పిలవాలి? వందలమంది అక్కర్లేదు. జేకబ్ నీల్సన్ అనే ఆయన ఈ విద్యలో పెద్ద పేరు. ఒక తరహా వాళ్లను ఐదుగురిని కూర్చోబెడితే ఉన్న లోపాల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని 2000లో రాశాడు. ఆ లెక్క మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి, అది వేరే సంగతి. అందులో 'ఒక తరహా' అన్న మాట పట్టుకోండి. హైదరాబాద్‌లో కంపెనీల ఆడిట్ చేసే చార్టర్డ్ అకౌంటెంట్ ఒక తరహా. గుంటూరులో మిర్చి కమీషన్ కొట్ల జీఎస్టీ చూసే ప్రాక్టీషనర్ ఇంకో తరహా. జీతగాళ్ల రిటర్న్‌లు జూలై నెలలో వందల్లెక్కన వేసే చిన్న ఆఫీసు మూడోది. తరహాకు ఐదుగురు చాలు. లోపాలు దిద్దించి మళ్లీ ఐదుగురిని పిలవండి. ఒకేసారి యాభైమందిని పిలిచి సంబరపడటం కంటే అది మేలు.

ఇక అసలు సంగతికి వస్తాను. శాఖ వాళ్లు 'నిపుణులను పంపండి' అని సంఘాలకు లేఖ రాస్తారు. సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి, ఇద్దరు సీనియర్లు వస్తారు. వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ వాళ్లలో చాలామంది పోర్టల్‌లో తమ చేత్తో లాగిన్ అయి ఏళ్లయింది. ఆడిటర్ గారు లెక్క చూస్తారు, సలహా చెబుతారు, సంతకం పెడతారు. పాన్ కొట్టేది, ఓటీపీ కోసం క్లయింటుకు ఫోన్ చేసేది, డిజిటల్ సంతకం (డీఎస్సీ) టోకెన్ గుచ్చి 'డిటెక్ట్ అవ్వట్లేదు సార్' అని కేకపెట్టేది ఎవరు? సీఏ చదువుతూ ఆర్టికల్స్ చేస్తున్న కుర్రాడు, బీకామ్ చదివి చేరిన అమ్మాయి, లేదా ఇరవై ఏళ్లుగా ఆ ఆఫీసును నడిపిస్తున్న అకౌంటెంట్. పిలుపు వాళ్ల దాకా వెళ్లాలి. అందుకే 'మీకు పోర్టల్ మీద అనుభవం ఉందా' అని అడగకండి, లేదని ఎవరంటారు? 'పోయిన నెల రోజుల్లో మీ చేత్తో ఎన్ని రిటర్న్‌లు అప్‌లోడ్ చేశారు? ఎన్ని చలాన్లు కట్టారు?' అని అడగండి. సున్నా అంటే ఆయనకు టీ ఇచ్చి, ఆయన ఆఫీసులో ఎవరు చేస్తారో కనుక్కోండి.

చేయి తిరిగినవాళ్లతో ఇంకో చిక్కుంది. వాళ్లకు గతుకులు అలవాటైపోతాయి. పేజీ తెరుచుకోకపోతే ఇన్‌కాగ్నిటో విండో తెరుస్తారు. గడువు రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి అప్‌లోడ్ చేస్తారు. ఏ బ్రౌజర్‌లో ఏ ఫారం తెరుచుకుంటుందో గోడ మీద అంటించుకుంటారు. ఇవేవీ వాళ్లకు సమస్యలుగా తోచవు, పనితనంగా తోస్తాయి. 'ఇబ్బందులేమైనా ఉన్నాయా' అని అడిగితే 'ఏం లేదండీ, బాగానే ఉంది' అంటారు. అబద్ధం కాదు, నిజంగానే కనపడవు. కాబట్టి నోటిని అడగడం తగ్గించి చేతులను చూడండి. మౌస్ ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుసార్లు నొక్కారు, ఎక్కడ ఊపిరి బిగబట్టారు, అక్కడే మీకు కావలసింది ఉంటుంది.

అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఏటా వేసవిలో ట్యాక్స్ ఫోరమ్‌లని కొన్ని నగరాల్లో సభలు పెడుతుంది. పన్ను పనివాళ్లు అక్కడికి వేలమంది వస్తారు. ఆ సభల్లో ఒక పక్క గది తీసుకుని, వచ్చినవాళ్లతో బృంద చర్చలు జరిపే అలవాటు ఆ శాఖకు ఉంది. మనుషులు ఎలాగూ ఒకచోట చేరారు కాబట్టి అది తెలివైన పద్ధతే. కానీ చర్చ వేరు, వాడించి చూడటం వేరు. పదిమంది కూర్చున్న గదిలో గట్టి గొంతున్నవాడి సమస్యే అందరి సమస్య అయి కూర్చుంటుంది. వాడించి చూడటం ఒక్కొక్కరితోనే జరగాలి.

కూర్చున్న మనిషికి ఏం పని ఇవ్వాలి? ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. స్క్రీన్ మీద ఉన్న మాటనే ప్రశ్నలో పెడతారు. 'ఈ-వెరిఫై చేయండి' అంటే ఆ మాట ఎక్కడుందో వెతికి నొక్కుతారు, అంతే. అది కళ్ల పరీక్ష. పనిని కథగా చెప్పండి. ఒక ఉదాహరణ ఇస్తాను. 'మీ క్లయింటు తండ్రి చనిపోయారు. ఆయన పేరిట ఆఖరి రిటర్న్ వేయాలి. కొడుకు మీ ఎదురుగా కూర్చున్నాడు. మొదలుపెట్టండి.' ఇంతే చెప్పి ఊరుకోండి.

ఆ కొడుకు తన సొంత లాగిన్‌లోకి వెళ్లి, తండ్రికి వారసుడిగా నమోదు చేసుకోవాలి. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఆ దారిని 'ఆథరైజ్డ్ పార్ట్‌నర్స్' అన్న మెనూ కింద, 'రిజిస్టర్ యాజ్ రిప్రజెంటేటివ్ అసెసీ' అన్నచోట పెట్టారు. తండ్రి పోయిన మనిషి 'పార్ట్‌నర్స్' అన్న మాట కింద వెతుకుతాడా? పార్ట్‌నర్ అంటే వాడికి వ్యాపారంలో వాటాదారు గుర్తొస్తాడు. చట్టం తెలిసినవాడికి 'రిప్రజెంటేటివ్ అసెసీ' సరైన మాటే, సందేహం లేదు. ఒకసారి దారి తెలిసిన కన్సల్టెంట్ కూడా రెండోసారి కళ్లు మూసుకుని వెళ్లిపోతాడు. ఆ దారి ఎప్పుడూ తొక్కని కుర్రాణ్ణి కూర్చోబెడితే తప్ప, మెనూకు పెట్టిన పేరు సంగతి ఎవరికీ తట్టదు.

ఇంకోటి చెబుతాను, ఇది అర్జంటు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో వచ్చిన 2025 చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. 819 సెక్షన్లు 536 అయ్యాయి. 'అసెస్‌మెంట్ ఇయర్' అన్న మాట పోయి 'ట్యాక్స్ ఇయర్' వచ్చింది. మంచిదే, మామూలు మనిషికి అర్థమయ్యే మాట. కానీ మారే సంధిలో ఒక గుంట ఉంది. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయానికి పాత చట్టం ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. ఆ మర్నాటి నుంచి వచ్చే ఆదాయానికి కొత్త చట్టం ప్రకారం ట్యాక్స్ ఇయర్ 2026-27. అంకె ఒకటే, ఏడాదులు రెండు! మొదటిదానికి రిటర్న్ వేయాల్సిన నెలల్లోనే రెండోదానికి అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. ఒకే టేబుల్ మీద, ఒకే అమ్మాయి, ఒకే మధ్యాహ్నం ఈ రెండు పనులూ చేస్తుంది. చలాన్‌లో ఏడాది ఎంచుకునేచోట '2026-27' అని కనపడితే ఆమె చూపుడు వేలు ఎటు పోతుంది? దీనికి జవాబు కమిటీలో దొరకదు. ఐదుగురిని కూర్చోబెట్టి చలాన్ కట్టించి చూడాలి.

ఇదంతా చిల్లర సంగతి అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. 2024 జూలై 31న, ఆ ఒక్క రోజులోనే, 69.92 లక్షల రిటర్న్‌లు దాఖలయ్యాయి. ఒక్కో రిటర్న్ దగ్గర ఒక్క నిమిషం దారి వెతకడానికి పోయిందనుకోండి, ఒక్క నిమిషమే. అన్నీ కలిపితే పదమూడేళ్లకు పైగా అవుతుంది.

శాఖ వాళ్లు పిలిచినా మావాళ్లు ఎందుకు రారో కూడా చెప్పాలి. బయటికి అనరుగానీ భయం ఉంటుంది. 'నేను అక్కడ తడబడితే చూసేది ఎవరు? రేపు నా క్లయింటు స్క్రూటినీ ఫైలు ఆయన టేబుల్ మీదకే పోతే?' అన్నది ఆ భయం. కాబట్టి అసెస్‌మెంట్ చూసే అధికారులను ఆ గదిలోకి రానివ్వకండి. వచ్చినవాళ్ల పేర్లు ఎవరి దగ్గర ఉంటాయో, రికార్డింగ్ ఎన్నాళ్లు ఉంచుతారో ముందే కాగితం మీద రాసివ్వండి. అసలు క్లయింటు పాన్‌తో లాగిన్ కమ్మని ఎప్పుడూ అడగకండి. ఉత్తుత్తి పాన్‌లు, ఉత్తుత్తి లెక్కలు మీరే తయారుచేసి ఇవ్వండి.

ఎప్పుడు పిలవాలో కూడా తెలిసి పిలవండి. జూలై, సెప్టెంబర్ నెలల్లో మమ్మల్ని పెళ్లికి పిలిచినా రాం. మామూలు నెలల్లోనూ 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి రిటర్న్‌లు మా మెడ మీద ఉంటాయి. ఫిబ్రవరిలో మూడోవారం దాటాక పిలిస్తే వస్తాం. ఇంకోమాట, గంట కూర్చున్నందుకు డబ్బు ఇవ్వండి. మన ప్రభుత్వ ఆఫీసుల్లో శాలువాకు, మెమెంటోకు బిల్లు పాసవుతుందిగానీ, ఒక గుమాస్తాకు ఒక పూట కూలి ఇవ్వడానికి ఏ పద్దు కింద రాయాలో తెలియదు. ఆ అమ్మాయికి శాలువా ఎందుకు?

ఇప్పుడు మావాళ్లకు. పిలుపు వస్తే వెళ్లండి. వెళ్లాక మీ పనితనం చూపించే ప్రయత్నం చేయకండి, ఆఫీసులో ఎలా చేస్తారో అలాగే చేయండి. మనసులో అనుకునేది పైకి అనండి. 'ఇదేమిటి ఇక్కడ లేదు', 'ఇది నొక్కితే పోతుందేమో', అలా. మొదట సిగ్గుగా ఉంటుంది, పది నిమిషాలకు పోతుంది. దొరక్కపోతే 'సారీ సార్' అనకండి. దొరక్కపోవడం మీ తప్పు కాదు, వాళ్లు కొనుక్కోవడానికి వచ్చిన సరుకే అది. గడువు పెంచమని, లేట్ ఫీజు మాఫీ చేయమని అర్జీలు ఆ గదిలో ఇవ్వకండి. అవి ఇవ్వాల్సిన చోటు వేరే ఉంది. జీఎస్టీ మొదలైన 2017లో, పోర్టల్ కష్టాలు చూడటానికి సెప్టెంబర్‌లో అప్పటి బీహార్ ఉప ముఖ్యమంత్రి సుశీల్ మోదీ నాయకత్వంలో మంత్రుల బృందమే వేశారు. తెలంగాణ నుంచి ఈటల రాజేందర్ అందులో ఉన్నారు. మంత్రుల దాకా వెళ్లాల్సినవి వెళ్తాయి. కుర్చీలో కూర్చున్నప్పుడు మీ పని తెరను చూడటమే.

ముగించే ముందు నేను చూసిన ఒక పూట సంగతి. ఒక ప్రభుత్వ వెబ్‌సైట్‌కు ఇలాంటి పరీక్ష పెడితే, మనుషులను వెతికి పంపే పని నాకు అప్పగించారు. ఒక ఆడిటర్ గారిని బతిమాలి ఆయన ఆఫీసులో పనిచేసే అమ్మాయిని తీసుకెళ్లాను. గంటసేపు ఇచ్చిన పనులన్నీ చేసింది. రెండుచోట్ల ఆగింది, ఒకచోట తప్పు దారిలో పోయి వెనక్కి వచ్చింది. వెనక కూర్చున్నవాళ్లు రాసుకున్నారు. అయిపోయింది, థాంక్స్ అమ్మా అని అందరూ లేచారు. ఆమె మాత్రం లేవలేదు.

'లాగౌట్ అవ్వనా సార్? అవ్వకుండా విండో మూసేస్తే, మళ్లీ తెరిచినప్పుడు ఇంకెవరో లోపల ఉన్నారంటుంది. మా ఆఫీసులో దీనికోసమే రోజూ గొడవ,' అంది.

కాగితాలు సర్దుకుంటున్నవాళ్లు ఆగిపోయారు. ఆ ప్రశ్న మా జాబితాలో లేదు. ఒకాయన మళ్లీ కుర్చీ లాక్కుని, 'ఏదీ, మూసి తెరువమ్మా ఒకసారి' అన్నాడు.