యానాది అవ్వల మాటా సాక్ష్యమే
(సూళ్లూరుపేట కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా ప్రభుత్వానికీ అపాచీలకూ జరిగిన పోరాటం గురించి చెప్పమని పిలిచారు. చెబుతాను. కానీ పులికాట్‌కు అవతల శ్రీహరికోట ఉండగా, ఇక్కడ నిలబడి అరిజోనా సంగతి మాత్రమే చెప్పి వెళ్లడం నాకు చేతకాదు.

అపాచీలనగానే జెరోనిమో, తుపాకి, గుర్రం గుర్తొస్తాయి. 1886 సెప్టెంబరులో అతను లొంగిపోయాక ఏం జరిగిందో తక్కువమందికి తెలుసు. చిరికావా అపాచీలను, ఆడా మగా పిల్లాజెల్లా అందరినీ, రైలెక్కించి ఫ్లోరిడాకు తరలించారు. సైన్యానికి దారి చూపిన అపాచీలనూ వదల్లేదు. 27 ఏళ్లు యుద్ధఖైదీలుగా ఉంచారు. చెరలో పుట్టిన పసిబిడ్డలూ ఖైదీలే.

యానాదుల మీదికి ఏ సైన్యమూ రాలేదు. రావలసిన అవసరమే పడలేదు. 1835లో శ్రీహరికోట కంపెనీ చేతికొచ్చింది. అడవి సరుకు తెచ్చిన యానాదులకు గింజలు కొలిచి పోశారు. ఇక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి వెళ్లాయి. 1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. యానాదుల్లో కొందరిని ఆ జాబితాలోకి ఎక్కించారు. 1952లో చట్టం రద్దయింది గానీ అనుమానం రద్దు కాలేదు.

1969లో దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి పైకి లేచింది. నేను రాకెట్లకు వ్యతిరేకిని కాను. అయితే భూసేకరణలో పట్టా ఉన్నవారికే లెక్క. దుంపలు తవ్వుకుని, మూలికలు ఏరుకుని, మడుగుల్లో చేత్తో చేపలు పట్టుకుని బతికిన ఆడమనిషి దగ్గర ఏ కాగితం ఉంటుంది? మొదట్లో నా సర్వే ఫారాల్లో నేనూ ఇంటి మగవాడి పేరే రాసుకున్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

అపాచీలకూ విజ్ఞానశాస్త్రం పేరుతోనే మరో దెబ్బ తగిలింది. వారు పవిత్రంగా చూసుకునే గ్రాహం పర్వతం మీద టెలిస్కోపులు కట్టడానికి 1988లో అమెరికా కాంగ్రెస్ దారి చేసిపెట్టింది. దానికి ఎదురు నిలిచినవారిలో ముందున్నది ఓలా కాసడోర్ డేవిస్ అనే అపాచీ స్త్రీ. టెలిస్కోపులు ఆగలేదు.

ఇక మన పని. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం) చదవండి. 2005 డిసెంబరు 13కు ముందు, చట్టప్రకారం రావలసిన పునరావాసం అందకుండా అటవీభూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టబడిన గిరిజనులు ప్రత్యామ్నాయ భూమి అడగవచ్చు. శ్రీహరికోట యానాదులకు ఇది వర్తిస్తుందని నా వాదన. కాదనే అధికారులూ ఉంటారు, కాదనమనండి, రాతపూర్వకంగా కాదనమనండి. భూమి సాగు హక్కు వస్తే భార్యాభర్తలిద్దరి పేరా రాయాలని అదే చట్టం చెబుతోంది. గ్రామసభకు వచ్చినవారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి.

పట్టా లేదు కదా అంటారు. హక్కు అడిగేవారు కాక ఇతర పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే దాన్నీ సాక్ష్యంగా నియమాలు ఒప్పుకుంటాయి. దీవిలో ఏ గుంట ఎక్కడుందో, ఏ చెట్టు కింద ఎవరి గుడిసె ఉండేదో చెప్పగలవాళ్లు అప్పుడు చిన్నపిల్లలు, ఇప్పుడు అరవై దాటిన అవ్వలు. ప్రతి వానాకాలానికీ వాళ్లలో ఒకరిద్దరు తగ్గిపోతున్నారు. నోటుపుస్తకాలు తెచ్చాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరు ఏ కాలనీకి వెళ్లాలో పంచుకుందాం.