అయిదు విఘడియల ఆకాశయానము



దూరము క్రోసులతో కొలువబడునని మనము పిల్లలకు చెప్పుదుము. కాని వానకాలమున వాగు పొంగినప్పుడు ఆవలిగట్టు కంటికి కనబడుచునే యుండును. చేరుట మాత్రము సాధ్యము కాదు. గోదావరి లంకలలోని వారికి ఈ సంగతి నేను వేరుగా చెప్పనక్కరలేదు. కావున దూరమును నిర్ణయించునది నేల కొలత యొక్కటే కాదు, నడుమనున్న అడ్డు కూడ. ఇందులకు చక్కని నిదర్శనము స్కాట్లండునకు ఉత్తరమున ఆర్క్నీ ద్వీపములలో కలదు.

అచ్చట సుమారు 70 దీవులు. వానిలో ఇరువదింట మాత్రమే జనులు నివసింతురు. వెస్ట్రే అను దీవిలో ఆరువందలమంది వరకును, దాని ప్రక్కనున్న పాపా వెస్ట్రేలో నూటికి లోపుగను ఉన్నారు. ఈ రెంటికిని చెరియొక చిన్న విమానాశ్రయము. వాని నడుమ దూరము 2.7 కిలోమీటర్లు, మన లెక్కకు క్రోసు నిండదు. కాలపట్టికలో వ్రాసినది 2 నిమిషములు. విఘడియకు 24 సెకండులు గనుక, అయిదు విఘడియలు. గాలి అనుకూలించిన వేళ 53 సెకండులలోనే దాటినదియు కలదు. నియమితవేళలకు నడచు విమానయానములలో లోకమున ఇంతకంటె చిన్నది లేదు.

ఇందొక చిన్న లెక్క చూడుడు. 2.7 కిలోమీటర్లకు 2 నిమిషములైనచో, గంటకు 81 కిలోమీటర్ల వేగము. ఆ విమానమో గంటకు 200 కిలోమీటర్లకు పైగా పోగలది. తక్కిన వేగమేమైనది? పైకెగయుటకును దిగుటకునే కాలమంతయు చెల్లును. నిండు వేగము నందుకొనుటకు త్రోవ చాలదు.

“క్రోసెడు దూరమునకు విమానమా! ఇది ధనికుల వేడుక” అని కొందరికి తోచవచ్చును. అట్లు కాదు. నడుమనున్నది ఉత్తర సముద్రపు గాలులకు లోనగు జలసంధి. పడవకు సుమారు 25 నిమిషములు, అనగా ఇంచుమించు ఒక ఘడియ పట్టును. ఈ విమానయానమును 1967లో లోగానెయిర్ అను సంస్థ ప్రారంభించినది. దీనికి వాడు ఐలాండర్ విమానము రెండు ఇంజనులు గలది, పొట్టిదారిపై దిగగలది, ఎనమండుగురు ప్రయాణికులను, ఒక్క చోదకుని మోయును. అది ఈ రెండు దీవుల కొరకే వచ్చునదియు కాదు. ముఖ్యపట్టణమగు కర్క్‌వాల్ నుండి బయలుదేరి, ఒక దీవిలో దిగి, రెండవదానిని తాకి మరలును. సంతకు పోవు బండి దారిలోని రెండూళ్లలో ఆగినట్లు. ఉపాధ్యాయులు, వైద్యులు, రోగులు దీనిపై ప్రయాణము చేయుదురు.

ప్రయాణికుల రుసుముతోనే ఇది సాగదు. స్థానిక ప్రభుత్వము కొంత ధనమిచ్చి నడిపించుచున్నది. నూరుమంది లేని ఊరికి ఇంత వ్యయమెందుకని అడుగవచ్చును. ఆ పాపా వెస్ట్రేలో అయిదువేల యేండ్లకు పైబడిన రాతియిల్లు నేటికిని నిలిచియున్నది. అంత ప్రాచీనమైన నివాసస్థలమును వైద్యుడును ఉపాధ్యాయుడును రాలేని చోటుగా విడిచినచో, సంసారములు ఒక్కొక్కటిగా తరలిపోవును. పిదప రాతిగోడలే మిగులును.

పెద్దలారా! మన యూరి వాగుపై వంతెన మాట వచ్చినప్పుడు “ఆవలనున్నవి పది యిండ్లే, దూరము అరక్రోసే” అని త్రోసివేయకుడు. వరదనాడు ప్రసవవేదనలోనున్న స్త్రీ ఆసుపత్రి చేరుటకు ఎన్ని ఘడియలు పట్టునో లెక్కింపుడు. ఆ యూరి నిజమైన దూరము అదియే.